గోడవైపు తిరిగిన పుస్తకాలు

పురుషోత్తం మాస్టారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. ఆ శుక్రవారం మధ్యాహ్నం డ్రైవరు ఓబులేసు ఫోన్ చేసి, "మేడం, సార్ వాకిలి మూసుండాది" అన్నప్పుడే నాకు కీడు తోచింది. ఇక్కడ ఖతార్‌లో, అల్ దోహా అల్ జదీదా పేటలోని మాస్టారి గది తలుపు సెలవు రోజైన శుక్రవారం పూట మూసి ఉండగా మేమెవరం చూడలేదు. తీయించేసరికి మాస్టారు కుర్చీలోనే శాశ్వతనిద్రలో ఉన్నారు. పక్కన బల్ల మీద రెండు టీ గ్లాసులు కడిగి బోర్లించి ఉన్నాయి.

మా భారతీయ పాఠశాలలో ఆయనది ఇంగ్లీషు, నాది రసాయనశాస్త్రం. స్టాఫ్ రూములో ఏళ్ళ తరబడి మావి పక్కపక్క కుర్చీలు. ఆయనది తెనాలి. భార్య చిన్న వయసులోనే గతించారు, సంతానం లేదు. ఆయనకంటూ మిగిలింది చెల్లెలు అన్నపూర్ణమ్మ గారు, ఆ పుస్తకాలు.

ఆ పుస్తకాల కథ చెప్పాలి. మూడు శతాబ్దాలకు పూర్వం ఇంగ్లండులో, ఒక పల్లెటూరి చర్చిలో పూజారిగా ఉంటూ జీవితమంతా గ్రంథాలు కూడబెట్టిన పండితుడొకాయన ఉండేవాడట. ఆయన కన్నుమూయగానే వారసులు వాటిని వేలం వేశారు. ఆ గ్రంథరాశి నాలుగు దిక్కులకూ చెదిరిపోయింది. మాస్టారు యౌవనంలో ఆ పండితుడి సేకరణ మీదే పరిశోధన మొదలుపెట్టి, ఇంటి బాధ్యతల వల్ల దాన్ని వదిలేసి ఖతార్ వచ్చారు. పరిశోధన ఆగింది గానీ పిచ్చి ఆగలేదు. ఆ పండితుడి దగ్గర ఉండిన గ్రంథాలనే, దొరికిన చవక ముద్రణలోనో, జిరాక్సు ప్రతిగానో సంపాదించి, ఆయన తన జాబితాలో రాసి పెట్టుకున్న వరుసలోనే అమర్చుకునేవారు. "మనిషి పోయిన ఇంట్లో మొదట చెదిరేది పుస్తకాల అరేనమ్మా. చెదిరినదాన్ని మళ్ళీ ఒక్కచోటికి చేర్చాలని నా యావ" అనేవారు.

అమర్చడంలోనూ ఆ కాలపు ఆచారమే. అప్పట్లో అక్కడ పుస్తకం వీపును గోడవైపు తిప్పి, కాగితాల అంచు బయటికి కనిపించేలా నిలబెట్టేవారట. పేరు కూడా ఆ అంచు మీదే రాసుకునేవారట. మాస్టారూ అంతే. కాకపోతే ఆయన రాసింది తెలుగులో. అర గుర్తుగా అ, ఆ, ఇ, ఈ అని ఒక అక్షరం, పక్కన వరుస సంఖ్య, కింద పుస్తకం పేరు. ఇంగ్లీషు మాస్టారికి ఇదేం చోద్యమని ఆటపట్టిస్తే, "రోజంతా ఆ భాషే కదమ్మా. ఇంటికొచ్చాక పలకరించేవైనా తెలుగులో పలకరించాలి" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ముక్కోపి కూడాను. ఒకసారి మా వారు మర్యాదకొద్దీ ఒక పుస్తకాన్ని 'సరిగ్గా' తిప్పి పెట్టారు. మాస్టారు కొన్నాళ్ళపాటు ఆయనతో మాట్లాడలేదు. చివరికి ఒక సాయంత్రం ఖర్జూరాల పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చి, "తప్పు నాదే బాబూ. అయినా ఇంకోసారి తిప్పకండి" అన్నారు.

ఓబులేసుది కడప జిల్లా. ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. శుక్రవారం యజమాని కుటుంబాన్ని బంధువుల ఇంట్లో దింపి, తీరిక దొరికితే మాస్టారి గదికి వచ్చేవాడు. తొలిసారి వచ్చినప్పుడు ఆ అల్మారా చూసి, "ఏంది సార్, బుక్కులన్నీ గోడ తట్టు తిరుక్కోనుండాయి? నీ మీద అలిగినాయా?" అన్నాడట. మాస్టారు పడీపడీ నవ్వి, "అలిగే ఉంటాయిలేవోయ్. ఒక్కడి మొహమే ఎన్నాళ్ళని చూస్తాయి?" అన్నారట. ఆనాటి నుంచి రెండో గ్లాసు ఓబులేసుది. కానీ డ్యూటీ పడి అతను రాలేని శుక్రవారాలే ఎక్కువ. ఆ రోజుల్లోనూ మాస్టారు రెండు గ్లాసులూ కడిగి, తలుపు బార్లా తెరిచి కూర్చునేవారు. మేమెప్పుడైనా వెళితే పెళ్ళివారు దిగినంత హడావుడి చేసేవారు. ఇంకా తరచుగా వెళ్ళవలసిందని ఇప్పుడు అందరం అనుకుంటున్నాం.

ఆయన పార్థివదేహం తెనాలి వెళ్ళింది. పుస్తకాలు ఇక్కడే మిగిలాయి. ఇంటి యజమాని కొంత గడువిచ్చి గది ఖాళీ చేయమన్నాడు. బడివాళ్ళు పనికొచ్చేవి ఏరుకుంటామన్నారు, మంచి మనసుతోనే. ఏరుకున్నాక మిగిలేవి ఏమవుతాయో నాకు తెలుసు. "నా తర్వాత వీటిని విడదీయనివ్వకమ్మా" అని మాస్టారు నాతో అని ఉన్నారు. అన్నిటినీ కార్గోలో పంపే స్తోమత మాకెవరికీ లేదు. ఏం చేయాలో తోచక అట్టపెట్టెల మధ్య కూర్చుని ఏడ్చాను.

దారి చూపింది ఇక్కడి మనవాళ్ళ ఆనవాయితీయే. ఎవరు సెలవు మీద ఊరెళ్ళినా, మిగతావాళ్ళ ఇళ్ళకు తలా ఒక పొట్లం మోసుకెళతారు. ఓబులేసు మాస్టారి పుస్తకాల మాట తన వాళ్ళకూ, మెసయీద్ కార్మికుల క్యాంపుల్లోని వాళ్ళకూ చేరవేశాడు. సెలవు దొరికినవాడల్లా వచ్చి కొన్ని పుస్తకాలు తీసుకున్నాడు. ఊరు చేరాక తెనాలికి పోస్టు చేయాలి, అంతే. జగిత్యాల దిక్కు రాజయ్య అయితే మాస్టారిని ఎన్నడూ చూడనివాడు. "మా అవ్వకు ఏ దేశమైనా దుబాయే. దుబాయ్ నుంచి ఏం తెచ్చినవ్ రా అని అడుగుతది మేడం. ఒక సారు సామాను తెచ్చిన, ముందుగాల అది ముట్టజెప్పాలె అని చెప్త" అంటూ నాలుగు పుస్తకాలు బట్టల మధ్య పెట్టుకున్నాడు.

నాకు మాత్రం భయం పోలేదు. విడదీయవద్దని ఆయన కోరినవాటిని నా చేతులతోనే తలా ఒకరికి పంచిపెట్టాను. ఏ సంచి ఏ ఊళ్ళో ఆగిపోతుందోనని బెంగ.

మొన్న అన్నపూర్ణమ్మ గారు ఫోన్ చేశారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. "అమ్మాయ్, అంచుల మీద అన్నయ్య రాత ఉంది కదా, దాన్ని బట్టే సర్దుతున్నాను. 'అ' అరలోవి కొన్ని, 'ఊ' లోవి రెండు వచ్చాయి. రానివాటికి మధ్యమధ్య జాగా వదిలాను. నువ్వు చెప్పినట్టే అన్నీ గోడవైపు తిప్పానులే" అన్నారు. ఆ మాట మీదే, "చిన్నప్పుడు అలిగితే అన్నయ్యా అలాగే గోడవైపు తిరిగి పడుకునేవాడు" అన్నారు.

మాస్టారూ, ఆ ఇంగ్లీషు పండితుడికి దక్కని భాగ్యం మీకు దక్కుతోంది. మీ అర మళ్ళీ ఒక్కచోటికి చేరుతోంది. మీలాంటి మనిషి మాత్రం మాకు మళ్ళీ దొరకరు.

నిన్న శుక్రవారం. తాళంచెవి అప్పగించే ముందు నేనూ ఓబులేసూ ఆ గదికి వెళ్ళాం. పుస్తకాలు లేవు, అల్మారా లేదు, కుర్చీ లేదు. ఓబులేసు ఆ రెండు గ్లాసులూ కడిగి, ఫ్లాస్కులో తెచ్చిన టీ పోశాడు. తలుపు తెరిచి పెట్టుకుని, నేల మీద కూర్చుని తాగాం. వచ్చేటప్పుడు ఆ తలుపు వేయడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు.