ముద్ర లేని చాకు

మా దుకాణం పైఅంతస్తులో సినిమా దుస్తులు కుట్టే టైలర్లు ఉంటారు. సోమవారం పొద్దున్నే వాళ్ళు మిషన్లకు నూనె పోస్తారు. ఆ వాసన మెట్ల మీదుగా దిగి మా పాత ఇనుము వాసనతో కలిసేసరికి నా చేతులు ఊరుకోవు. వెళ్ళి చాకుల పెట్టె తెరుస్తాను. ఒక్కో మడత చాకూ తీసి, అలుగు, అంటే కోసే రేకు, విప్పి, మడిచే చోట ఒక్క చుక్క నూనె వేసి మళ్ళీ మూస్తాను. టక్కుమంటుంది. ఆ చుక్క, ఆ టక్కు, రెండూ నాకు రూతమ్మ గారి దగ్గర అబ్బినవే. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఫిల్మ్‌నగర్‌లో ఏ బోర్డు మీదా ఆవిడ పేరు లేదు, ఏ సినిమా మొదట్లోనూ పడలేదు. అందుకే, ఆవిడను చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

సినిమాలకు పాత వస్తువులు అద్దెకిచ్చే దుకాణం ఆవిడది. లాంతర్లు, టైపురైటర్లు, రేడియోలు, ట్రంకు పెట్టెలు, ఏ కాలం కథకు ఆ కాలం సామాను. తెనాలి వైపు నుంచి భర్తతో కలిసి వచ్చి మొదలుపెట్టారట. ఆయన పోయాక చర్చివాళ్ళూ చుట్టాలూ ఊరికి వచ్చెయ్యమన్నా వినకుండా ఒక్కరే నడిపారు. నేను రహమత్ నగర్ నుంచి వచ్చాను. బీకాం అయ్యాక ఏడాదిపాటు ఎక్కడా పని దొరకలేదు. దొరికిన పని వదిలేది లేదని గట్టిగా అనుకుని ఆ దుకాణం మెట్లు ఎక్కాను. మొదటి రోజే ఆవిడ నా ముందు ఏడు చాకులు పోసి, వయసు ప్రకారం వరుసగా పెట్టమన్నారు. అయిదు నిమిషాల్లో పెట్టేశాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

"ఏం చూసి పెట్టావమ్మా?" అని అడిగారు.

"తుప్పు చూసి పెట్టిన మేడం. మస్తు తుప్పు పట్టింది మస్తు పాతది కదా."

"అయితే మా వంటింట్లో కత్తిపీట మొగలాయిల నాటిదన్నమాట" అన్నారు, నవ్వకుండా. ఆ తర్వాత గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దం నా చేతికిచ్చి, ఒక చాకు విప్పి, అలుగు పిడిలోకి దూరే చోట చూడమన్నారు. మామూలు కంటికి గీతల్లా కనిపించినవి అద్దంలో అక్షరాలయ్యాయి. తయారుచేసినవాడి పేరు, కింద ఊరి పేరు. అక్కడ అంత సంగతి ఉంటుందని ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా నాకు తెలియనే తెలియదు.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక గంట చదువు. కిరీటం పక్కన ఇంగ్లండు రాణిగారి పేరులోని అక్షరాలు కొట్టి ఉంటే ఒక లెక్క, రాజుగారివైతే ఇంకో లెక్క. ఊరి పేరు ఒక్కటే ఉన్నది సాధారణంగా పాతది, దేశం పేరు కూడా కొట్టడం తర్వాత వచ్చిన అలవాటు. పేరు చివర 'అండ్ సన్స్' చేరిందంటే కొడుకులు వ్యాపారంలోకి దిగాక చేసింది. తుప్పు పట్టని ఉక్కు అని రాసి ఉంటే ఆ ఉక్కు పుట్టాక చేసింది. నాకు ఇది భలే ఎక్కింది. ఒకరోజు ఉత్సాహం పట్టలేక, ఒక చాకు ఫలానా ఏడాదే తయారైందని తేల్చి చెప్పేశాను.

"నువ్వు పక్కనుండి చూశావా?" అన్నారు ఆవిడ. "ముద్ర ఒక్క మాటే చెబుతుందమ్మా. ఇది దీనికి ముందుది కాదు, అంతే. తర్వాత ఎప్పటిదైనా కావచ్చు. అది చెప్పినంతే మనం చెప్పాలి."

దుకాణం నుంచి బయటికి వెళ్ళే ప్రతి వస్తువుకూ ఒక చిట్టీ కట్టేవారు. ఆ వస్తువు ఏ కాలానికి ముందుది కాదో, ఏ కాలం కథకు పనికొస్తుందో రాసి, కింద పరీక్షించినవాళ్ళు సంతకం పెట్టాలి. మిగతా దుకాణాలవాళ్ళు దీన్ని చూసి నవ్వుకునేవారు. అయినా పాతకాలపు కథ తీసేవాళ్ళు మా దగ్గరికే వచ్చేవారు. నేను చేరిన ఎనిమిదో నెలలో ఆవిడ కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేశారు. వెళ్తూ వెళ్తూ చిట్టీల పుస్తకం నా ముందు పెట్టారు.

"ఈ మూడు రోజులూ నీ సంతకమే."

ఆ మూడు రోజుల్లోనే ఒక పెద్ద సినిమాకు సామాను వెళ్ళింది. స్వాతంత్ర్యానికి ముందు నడిచే కథ. హీరో జేబులోంచి చాకు తీసి ఒక ఉత్తరం చింపుతాడు, అది క్లోజప్. నేను పెట్టెలో అన్నిటికన్నా అందమైనది ఏరాను, జింక కొమ్ము పిడిది. ముద్ర మీద మడ్డి గట్టిగా పట్టి ఉంది. కొంచెం గీరితే 'జర్మనీ' కనిపించింది. చాల్లే అనుకుని రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కాలమని రాసి, నా పేరు గుండ్రంగా చుట్టి పంపించాను. మొదటి సంతకం కదా, రెండుసార్లు చూసుకుని మురిసిపోయాను కూడా.

రెండో రోజు సాయంత్రం చాకు తిరిగి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ పంపాలి. పొద్దున్నే నూనె వేసి తుడుస్తుంటే మెత్తబడిన మడ్డి ఊడివచ్చింది. 'జర్మనీ' ముందు ఇంకో మాట ఉంది: 'వెస్ట్'. యుద్ధం అయ్యాక రెండు ముక్కలైన దేశం పేరు, మన స్వాతంత్ర్యం నాటికి ఆ పేరే పుట్టలేదు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఇంటికి వెళ్ళి అమ్మకు ఏం చెప్పాలో కూడా అనుకున్నాను. తర్వాత లేచి, మూలనున్న ఆకురాయి తీసుకుని ఆ ముద్రను గీకేశాను. గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాను. పావుగంట పట్టింది.

సరిగ్గా అప్పుడే రూతమ్మ గారు వచ్చారు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని. ఇంకో కంటికీ శుక్లమే కనుక ఆవిడకు ఆ రోజు పెద్దగా ఏమీ కనిపించదు. కూర్చుని, బల్ల మీది చాకు అలవాటుగా చేతిలోకి తీసుకుని, అలుగు విప్పి బొటనవేలితో తడిమారు. వేలు ఒకచోట ఆగింది.

"ఇక్కడ పల్లంగా ఉందేంటి పద్మా?"

"తుప్పుండె మేడం. సాఫ్ చేసిన."

ఆ వేలు అక్కడే మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది.

"ఏమని ఉండింది?" అన్నారు.

చెప్పాను. మొత్తం చెప్పేశాను, ఏడుస్తూనే. ఆవిడ తిట్టలేదు. "సరిగ్గా చదవలేదు, అది నేర్చుకుంటావు. గీకేసినదాన్ని మాత్రం ఇంకెవరూ చదవలేరు కదమ్మా" అన్నారు. తర్వాత పెట్టెలోంచి కిరీటం ముద్ర ఉన్న ఒక చిన్న చాకు వెతికించి, రుమాల్లో చుట్టి సంచిలో వేసుకున్నారు. "ఆటో పిలువు. జూబ్లీహిల్స్ వెళ్దాం."

"డాక్టర్ ఎండల తిరగొద్దన్నడు కదా మేడం."

"తిరగను. కూర్చునే వస్తాను" అన్నారు.

షూటింగ్ ఒక పాత బంగళాలో జరుగుతోంది. కళాదర్శకుడి సహాయకుడు శేఖర్ మమ్మల్ని గేటు దగ్గరే ఆపి, సంగతి విని, తేలిగ్గా తీసిపారేశాడు. "ఎవరు చూస్తరు మేడం? ఇప్పుడు ముద్రనే లేదు కదా, ఇంకేం ఫికర్? గమ్మున పోండ్రి." ఆవిడ అతని భుజం పట్టుకుని, డైరెక్టర్ ఎక్కడుంటే అక్కడికి నడిపించమన్నారు. మానిటర్ మీద ముందురోజు తీసిన షాట్ ఆపి పెద్దది చేశారు. మడ్డి కిందనుంచి సగం సగం అక్షరాలు, చూడాలనుకుంటే కనిపించేలా ఉన్నాయి.

"ఎవరు సైన్ చేసింది?" అన్నాడు డైరెక్టర్.

రూతమ్మ గారు నల్ల కళ్ళద్దాలు నా వైపు తిప్పారు. అక్కడ నలభై మంది ఉన్నారు. పారిపోవాలనిపించింది. పారిపోలేదు.

"నేనే సార్. మంచిగ చూడకుండ రాసిన. తర్వాత భయమై గీకేసిన."

డైరెక్టర్ షాట్ మళ్ళీ తీస్తామని చెప్పి, మేనేజర్ వైపు తిరిగి మిగతా లిస్టు వేరే దుకాణానికి ఇచ్చెయ్యమన్నాడు. రూతమ్మ గారు మాత్రం సంచిలోంచి రుమాలు తీసి విప్పి, చాకునూ అద్దాన్నీ నాకు అందించారు.

"చదివి చిట్టీ రాయి."

"మళ్ళీ ఈ అమ్మాయేనా?" అన్నాడు డైరెక్టర్.

"ఇవాళ ఈ అమ్మాయి కంటే జాగ్రత్తగా చదివేవాళ్ళు ఈ ఊళ్ళో దొరకరండీ" అన్నారు ఆవిడ.

ఒక్కో అక్షరం పైకి చదివాను. రాశాను, సంతకం పెట్టాను. ఈసారి గుండ్రంగా రాలేదు.

ఆ తర్వాత చాలా నెలలు మా దుకాణానికి పెద్ద సినిమాలు రాలేదు. ఆ డైరెక్టరైతే ఇప్పటికీ రాలేదు. నేను ఆ ఖాళీ కాలమంతా కూర్చుని పెట్టెలోని ప్రతి చాకు ముద్రనూ చూసి పుస్తకంలోకి బొమ్మ గీసుకున్నాను. మూడు పుస్తకాలు నిండాయి. ఆవిడ ఒక్కరోజు కూడా ఆ సంగతి ఎత్తలేదు, నన్ను మానెయ్యమనలేదు. సినిమా విడుదలయ్యాక ఇద్దరం మొదటి ఆటకు వెళ్ళాం. చాకు తెర మీద రెండు సెకన్లు కూడా లేదు. హాల్లో ఎవడూ దాన్ని పట్టించుకోలేదు. ఆవిడ మోచేత్తో నన్ను పొడిచి, "చూశావా, ఎంత బాగుందో" అన్నారు. అంత సంతోషంగా ఆవిడను నేను ఇంకెప్పుడూ చూడలేదు. నాకు ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఆ మాట చెప్పకుండా మిక్చర్ పొట్లం అందించాను.

గీకేసిన చాకును ఆవిడ నాకే ఇచ్చేశారు. చిట్టీ రాయడానికి వీల్లేని వస్తువు దుకాణంలో ఉండకూడదన్నారు. ఇప్పుడు చిట్టీలన్నీ నావే. మొన్న కూడా షేక్‌పేట నుంచి ఒక కుర్ర మేనేజర్ ఫోన్ చేశాడు. "అక్కా, కత్తి మీద పేరేదో ఉన్నదట, జర గీకి పంపరాదు?" అన్నాడు. వేరేది వెతికి పంపుతాను కానీ గీకేది లేదని చెప్పాను. విసుక్కుని పెట్టేశాడు. పెట్టుకోనీ.

ఆ చాకు నా సంచిలోనే ఉంటుంది. పండు కోస్తాను, పార్శిల్ తాళ్ళు తెంపుతాను. అప్పుడప్పుడు బొటనవేలు దానంతట అదే ఆ పల్లం మీదికి పోతుంది. దాని వయసు ఎవరైనా అడిగితే చెప్పలేను, ఆ ఆధారం నా చేతులారా చెరిపేశాను. నా సంగతి మాత్రం చెప్పగలను. నా సంతకాన్ని ఒకరు నమ్మదగిన మనిషిని నేను అయ్యింది ఆ బంగళాలో నిలబడ్డ మధ్యాహ్నానికి ముందు కాదు.