కాల్చకుండా మిగిలిన కొండవాలు

నిన్న ఉదయగిరి బస్సులో వచ్చిన గరిటెల బస్తా మూతి విప్పగానే పులిసిన నీటి వాసన సన్నగా తగిలింది. నీళ్లలో నానిన చెక్కను ఎంత ఆరబెట్టినా, ఎంత నున్నగా రుద్దినా ఆ వాసన కొన్నాళ్లపాటు దాన్ని వదలదు. కావలి నుంచి బేరానికి వచ్చిన వ్యాపారి ఒక చెంచాను ముక్కు దగ్గర పెట్టుకుని, "సరుకు చెడినట్టుండాదే శెట్టిగారూ" అన్నాడు. ఆ వాసన ఉన్న చెంచాకు పుచ్చు పట్టదని చెప్పాను. నమ్మినట్టు లేడు. అతన్ని నమ్మించాలంటే రాజ్యలక్ష్మి గారి గురించి చెప్పాలి. అంగడిలో నిలబడి చెప్పగలిగిన సంగతి కాదది. ఆమెను ఎరగనివారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

మాది ఆత్మకూరు. బజారువీధిలో తాతల నాటి నుంచి టోకు వ్యాపారం. ఉదయగిరిలో చెక్కే కొయ్య గరిటెలను, చెంచాలను కొని పైఊళ్లకు పంపడం మాత్రం నేను మొదలుపెట్టిందే. ఉదయగిరి కోట కింద ఇళ్లలో ఆడవాళ్లు కొండ మీది ఎండుకట్టెను అనుమతి తీసుకుని తెచ్చి, చేతి ఉలులతో చెక్కుతారు. వాళ్లలో మౌలాబీ పెద్దది. ఆమె షెడ్డులో పనిచేసే ఆడవాళ్ల ఇళ్లు ఆ గరిటెల మీదే గడుస్తాయి. నేను రోజూ డైరీ రాసేవాణ్ణి. ఏ రోజు ఏ సరుకు వచ్చిందో, దానిలో ఏ లోపం కనిపించిందో రాసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. ఈ సంగతి జరిగిన ఏడాది మాఘమాసం పుటల నిండా ఒకే లోపం ఉంది. బస్తాల అడుగున తెల్లటి పిండి, గరిటెల కాడల మీద సూదిమొన దిగినంత రంధ్రాలు. బెంగుళూరు అంగడివాళ్లు వాట్సాప్‌లో ఫోటో పెట్టి, ఇలాంటివే ఇంకోసారి వస్తే ఇక తమకు పంపనక్కర్లేదని రాశారు. వాళ్లు మానుకుంటే నేను కిరాణాతో బతకగలను. మౌలాబీ షెడ్డుకు అలాంటి రెండో దారి లేదు.

ఉదయగిరిలో ఎవరిని అడిగినా వేలు ఒకే వైపు చూపించేవారు. కోటకు ఉత్తరాన కొండవాలులో ఏళ్ల నాడు ఎండిపోయిన చెట్లు మోడులై నిలిచి ఉన్నాయి. పురుగు అక్కడే పుట్టి కిందికి దిగుతోందని, వానలు పడేలోగా ఆ వాలును కాల్చేస్తే పీడ విరగడవుతుందని అందరి మాట. నాకూ అది సబబుగానే తోచింది. అందరి తరఫున అర్జీ నేనే రాశాను. మౌలాబీని వెంటబెట్టుకుని అటవీ రేంజి ఆఫీసుకు వెళ్లాను.

రేంజర్ రాజ్యలక్ష్మి గారిది చేజర్ల దగ్గర రైతు కుటుంబం. అప్పటికే ఆమెకు యాభై దాటాయి. పొడగరి; ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మడత చాకు, వేయించిన శనగల పొట్లం ఉండేవి. అర్జీని మొదటినుంచి చివరిదాకా చదివి, శనగల పొట్లాన్ని మా వైపు జరిపారు.

"బాగా రాసినారు శెట్టిగారూ. ఎక్కడా కొట్టివేత లేదు. ఒక్కటే నాకు అంతుబట్టలా. ప్రతి వరుసలో పురుగు, పురుగు అని ఉండాది. ఏ పురుగు?"

"పురుగంటే పురుగే మేడమ్" అంది మౌలాబీ.

"గిరాకీ అంటే గిరాకీయే అని నువ్వు అందరికీ ఒకటే గరిటె ఇస్తావా మౌలాబీ అక్కా?"

"మా గిరాకీలు కట్టె తినరు మేడమ్!"

ఆమె గట్టిగా నవ్వారు. అధికారుల గదిలో అలాంటి నవ్వు నేను అంతకు ముందు వినలేదు. మందు కొడితే ఎలా ఉంటుందని అడిగాను; మా బావమరిదికి పురుగుమందుల అంగడి ఉందని కూడా చెప్పాను. నవ్వు ఆగిపోయింది. "నోట్లో పెట్టుకునే చెంచాకు మందు కొడతారా? మీ ఇంట్లో దాంతో తింటారా?" అన్నారు. "రేపు పొద్దున కొండెక్కుదాం. చూడకుండా నేను అగ్గి పెట్టను, చూడకుండా పెట్టను అని కూడా చెప్పను" అని అర్జీని మడిచి పెట్టారు.

మరునాడు కొండెక్కడం నాకింకా గుర్తుంది. బండల మధ్య దారి. మౌలాబీ మాకంటే ముందు నడుస్తోంది. నేను అడుగడుగునా ఆయాసపడుతున్నాను. దూరం నుంచి ఒకే తీరుగా కనిపించిన ఎండు చెట్లు దగ్గరికి వెళితే రెండు రకాలుగా ఉన్నాయి. కొన్ని ఎప్పుడో చచ్చినవి. బెరడు ఊడి, చేవ మెత్తబడి, చాకు దింపితే తడి రొట్టెలో దిగినట్టు దిగుతోంది. ఇంకొన్ని అప్పుడప్పుడే చస్తున్నవి. కొమ్మల చివర పండుటాకులు ఉన్నాయి, బెరడు గట్టిగా ఉంది, బెరడు కింద తెల్లటి పిండి. ఆ పిండి నా బస్తాల అడుగున ఉన్నదానిలాగే ఉంది. అలాగే ఉందని నేను అనగానే ఆమె నా వైపు తిరిగి, "అట్టా కనపడతుండాది. అదే ఇదని ఇంకా తెలవదు" అన్నారు.

పాత మోడు ఒకదాని పగులులోంచి ఆమె లావుపాటి తెల్లపురుగును చాకు మొనతో మెల్లగా బయటికి తీశారు. బొటనవేలంత ఉంది. మౌలాబీ రెండడుగులు వెనక్కి వేసింది. "ఇది పెద్దదయితే పొడుగు మీసాల పురుగు అవుతుందని నా నమ్మకం. రెక్కలొచ్చిన దాన్ని నేను నా ఉద్యోగంలో ఒకే ఒకసారి చూసినా. ఇంకెక్కడ మిగిలి ఉండాదో చెప్పేవాళ్లు కూడా లేరు. ఇది కుళ్లిన మోడులోనే బతుకుతుంది, మీ గరిటె జోలికి రాదు అనుకుంటుండా. అయితే నేను అనుకున్నంత మాత్రాన మౌలాబీ అక్క షెడ్డు నిలబడదు గదా." పురుగును మళ్లీ ఆ పగులులోనే పెట్టి పైన చెక్కపొట్టు కప్పారు, పసిబిడ్డకు దుప్పటి కప్పినంత జాగ్రత్తగా.

దిగేటప్పుడు రెండు దుంగలు మోయించారు. పాత మోడుది ఒకటి, చస్తున్న చెట్టుది ఒకటి. వాటికి తోడు మూడోది మౌలాబీ షెడ్డులో చెక్కడానికి సిద్ధంగా ఉంచిన కట్టె. మూడు రేకు డ్రమ్ములలో వాటిని నిలబెట్టి, మూతులకు దోమతెర బిగించి కట్టించారు. డ్రమ్ములను ఆఫీసులో ఉంచుకుంటారనుకున్నాను. "నా దగ్గరుంటే నేనే ఏదో చేసినా అంటారు. మీ గోదాములో పెట్టుకోండి. దేంట్లోంచి ఏది బయటికొస్తుందో మీరే చూడండి. చూసింది రాయండి, మీకు తోచింది రాయాలనిపిస్తే వేరే పుటలో రాయండి" అన్నారు. తొలివాన పడేదాకా ఆగమన్నారు. ఆలోగా మోడులదే తప్పని తేలితే తానే దగ్గరుండి వాలును కాల్పిస్తానని మాట ఇచ్చారు.

ఆ ఎండాకాలం ఎంత పొడుగ్గా గడిచిందో చెప్పలేను. బెంగుళూరు వాళ్లు గడువు అడిగారు. ఉదయగిరిలో పెద్దమనుషులు నేను రేంజరమ్మ వైపు తిరిగానన్నారు. మౌలాబీ ఫోన్ చేసినప్పుడల్లా ఒక చురక వేసేది. "పురుగులను సాకుతుండారంట గదా శెట్టిగారూ! పాలు కూడా పోస్తుండారా?" ఆ చురక వెనకాల భయం ఉందని నాకు తెలుసు. ఆమె షెడ్డులో ఇద్దరు ఆడవాళ్లు అప్పటికే చెక్కుడు మాని చేజర్ల వైపు నాట్లకు వెళ్లిపోయారు. వానలు పడితే వాలు తడుస్తుంది, అగ్గి అంటుకోదు. అంటే ఆ ఏడాదికి ఇక చేయగలిగింది లేదు. ఆ సంగతి రాజ్యలక్ష్మి గారికీ తెలుసు. అయినా ఆమె వారం వారం వచ్చి డ్రమ్ముల దగ్గర కూర్చునేవారు. నేను ఆత్రంగా ఏదైనా చెప్పబోతే, "అది చూసిందా, తోచిందా?" అని అడిగేవారు. మొదట్లో చికాకు పుట్టేది. తర్వాత ఆమె అడగకముందే నన్ను నేనే అడుక్కోవడం మొదలయింది.

ముందుగా షెడ్డు కట్టె ఉన్న డ్రమ్ములో దోమతెర లోపలి వైపు నువ్వుగింజలంత గోధుమరంగు పురుగులు బారులు తీరాయి. అడుగున పిండి గుట్టగా చేరింది. కొన్నాళ్లకు చస్తున్న చెట్టు దుంగలోంచి కూడా అవే వచ్చాయి, కాస్త తక్కువగా. పాత మోడు డ్రమ్ము మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. మోడు తప్పు చేయలేదని దానర్థమా, మోడులో ఏమీ లేదని అర్థమా? తెలియలేదు. తెలియలేదనే రాశాను.

తొలివాన కురిసిన మధ్యాహ్నం గోదాములో గీరుతున్న చప్పుడు వినిపించింది. పాత మోడు డ్రమ్ము దోమతెరకు తలకిందులుగా వేలాడుతూ ఒక పురుగు. ముదురు చింతగింజ రంగు. ఒంటికంటే పొడవైన మీసాలు వెనక్కి వంగి, గాలిలో దేన్నో వెతుకుతున్నట్టు కదులుతున్నాయి. ఫోన్ చేస్తే రాజ్యలక్ష్మి గారు జీపు కోసం కూడా ఆగకుండా దొరికిన బస్సులో, తడిసిన బట్టలతో వచ్చారు. డ్రమ్ము ముందు నేల మీద కూర్చుండిపోయారు. తర్వాత, "ఎట్టుండాడో చూడండి శెట్టిగారూ, పెళ్లికొడుకు మాదిరి" అన్నారు.

నేనైతే ఆమె గెలిచారనుకున్నాను. ఆమె లేచి రెండో డ్రమ్ము దగ్గరికి వెళ్లారు. "నేను కొండమీద ఒక్క చెట్టును కూడా కొట్టనక్కర్లేదనుకుంటి. అది తోచింది. చూసింది ఇదీ. చస్తున్న చెట్లలో మీ పురుగు ఉండాది. వాటిని కొట్టించాల" అన్నారు. అంతగా ప్రేమించిన వాలులోకి గొడ్డలి పంపే మాటను ఆమె వానలో తడిసి వచ్చిన ఆ ఘడియలోనే, ఎవరూ అడగకుండానే అన్నారు. మనిషి తన వైపు వాదనను కూడా తూకం వేయవలసి ఉంటుందని నేను నేర్చుకున్నది ఆ క్షణంలోనే.

మర్నాడు ముగ్గురం షెడ్డులో కూర్చున్నాం. ఉదయగిరి పనివాళ్లు కట్టెను బెరడు తీయకుండా తడి గోనెపట్టాలో చుట్టి పెడతారు. అలా అయితే చెక్క పగలదు, ఉలికి మెత్తగా లొంగుతుంది. తరాల పద్ధతి అది. బెరడు, తడి, చీకటి. పిండిపురుగుకు అంతకంటే సుఖమైన ఇల్లు దొరకదు. చస్తున్న చెట్టు నుంచి నాలుగు పురుగులు కట్టెతో దిగివస్తే, షెడ్డులో అవి పిల్లలు పెట్టి బస్తాలకు ఎక్కుతున్నాయి.

"బెరడు తీస్తే పగులుద్ది మేడమ్. పగిలిన కట్టెతో నేను గరిటె చెక్కేదా, పుల్లలు చెక్కేదా?" అని మౌలాబీ లేచింది.

"మా నాయన ఇంటికి తాటిదూలం వేసేముందు చెరువులో నానేసేవాడు. మీ ఇళ్ల మీద వెదుళ్లు నానెయ్యలేదా?" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"ఇంటికి నానేస్తాం. గరిటెకు ఎవరు నానేస్తారు?"

అని మౌలాబీ, తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయింది. ఊరంతా ఇంటి వెదుళ్లను నీళ్లలో నానేసి పురుగు పట్టకుండా చేసుకునే మనుషులే; గరిటె కట్టె చిన్నదని దాన్ని ఎవరూ ఆ లెక్కలో వేయలేదు. మౌలాబీ పెరట్లో పాత సిమెంటు తొట్టి ఉంది. బెరడు తీసిన కట్టెను దానిలో ముంచి, తేలకుండా బండలు పెట్టారు. నీళ్లలో ఉన్నంతకాలం పగుళ్లు రాలేదు; తీసి నీడలో చెక్కితే ఉలికి మునుపటిలాగే లొంగింది. తొలి విడతలో వాసన ఎక్కువై కొన్ని నల్లబడ్డాయి, నీళ్లు మార్చడం అలవాటయ్యాక అదీ తగ్గింది. ఆ ఏడు దసరాకు బెంగుళూరు వెళ్లిన సరుకు తిరిగి రాలేదు. నాట్లకు వెళ్లిన ఇద్దరూ మళ్లీ షెడ్డుకు వచ్చారు.

కొండమీద చస్తున్న చెట్లను రాజ్యలక్ష్మి గారు ఒక్కొక్కటే చేత్తో తట్టి, గుర్తు పెట్టి కొట్టించారు. బెరడును అక్కడే బండల మీద తగలబెట్టించారు. పాత మోడులను ఎవరూ ముట్టలేదు. పెళ్లికొడుకును తీసుకువెళ్లి విడిచిన రోజు మౌలాబీ కూడా వచ్చింది. పురుగు మోడు మీదికి పాకి, మీసాలు ఆడిస్తూ ఆవలి వైపుకు వెళ్లిపోయింది. "పో, మా తట్టు మాత్రం రాబాక" అంది మౌలాబీ. ఆ మాఘంలోనే అదే వాలును కాల్చమని వేలిముద్ర వేసిన మనిషి ఆమె.

రాజ్యలక్ష్మి గారు రిటైరయి చేజర్ల వెళ్లారు. పోయిన వేసవిలో జబ్బుచేసి కాలం చేశారు. చివరిసారి చూడబోయినప్పుడు మంచం మీదినుంచే వాలు సంగతి అడిగారు. కిందటి వానల్లో మోడుల మీద మీసాల పురుగులు మరో రెండు కనిపించాయని చెప్పాను. "మీరు చూసినారా, ఎవురన్నా చెప్పినారా?" అన్నారు. చూశానన్నాను. ఆమె కళ్లు మూసుకుని తృప్తిగా తల ఊపారు.

వ్యాపారంలో తెలియదన్న మాట అనకూడదని మా నాయన నేర్పాడు. తెలియదంటే గిరాకీ పక్క అంగడికి పోతుందట. ఇప్పుడు నేను ఆ మాట రోజూ అంటున్నాను, గిరాకీ పోలేదు. ఈ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మర్రిపాడు నుంచి ఒక మేకల కాపరి ఫోన్ చేశాడు. వాళ్ల గుట్ట మీద చెట్లు వరసగా ఎండుతున్నాయట. ఉదయగిరి వాళ్లు నా నంబరు ఇచ్చారట. ఊరివాళ్లు తెల్లారి గుట్ట మీదికి కిరోసిను డబ్బాలు మోసుకెళ్లేందుకు సిద్ధంగా ఉన్నారట.

"ఏందయ్యా అది, ఏ పురుగు? కాల్చేమంటారా వద్దంటారా?" అని అడిగాడు.

"నాకు తెలీదబ్బయా" అన్నాను. "తొలి బస్సుకు వస్తుండా. నేనొచ్చిందాకా అగ్గి మాత్రం పెట్టబాకండి."