నేను నెమ్మదిగా వేసిన దెబ్బ

మా బావని వీధిలో అందరూ నిదానం అంటారు. ఆయన సెలూన్ బోర్డు మీద ఏదో పేరుంది కానీ దాన్ని చదివిన పాపాన ఎవరూ పోలేదు. తొందరున్నవాళ్లు మలుపులో ఉన్న ఇంకో సెలూన్‌కి పోతారు. మా బావ దగ్గరికి వచ్చేవాళ్లు కుర్చీలో తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంటారు. కొందరు గురక కూడా పెడతారు. గొంతు మీద కత్తి ఆడుతుంటే మనిషికి నిద్ర పట్టిందంటే ఆ కత్తి పట్టుకున్నవాడు ఎలాంటివాడో వేరే చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్లలో ఆయన చేతిలో ఒక్కరికీ నెత్తురు చుక్క రాలేదు.

నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. ఇళ్లలో కరెంటు పనులు చేస్తాను. బద్ధకం నాకు పుట్టుకతో వచ్చింది. పంతొమ్మిదేళ్ల కిందట వాళ్లింట్లోనే తిని వాళ్లింట్లోనే పడుకునే రోజుల్లో మా అక్క నా పొట్ట చూసి, "రేపట్నుంచి పొద్దున్నే మీ బావతో మేడెక్కు. ఎక్కకపోతే కంచం పెట్టను" అంది. మేడ మీద మా బావ రోజూ కర్రసాము చేస్తాడు. అన్నం మీద ప్రేమతో నేనూ మొదలుపెట్టాను.

కర్ర గిరగిరా తిప్పడం నేర్పుతాడనుకున్నాను. ఏడాదంతా నిలబడటం నేర్పాడు. ఆ తర్వాత ఒకే ఒక్క దెబ్బ. నేను కర్రెత్తి ఆయన నడినెత్తి మీదికి పూర్తి వేగంతో కొట్టాలి, ఆయన తన కర్రతో దాన్ని అడ్డుకుని పక్కకి తోసెయ్యాలి. రోజుకి వంద సార్లు. తర్వాత ఆయన కొడతాడు, నేను అడ్డుకుంటాను. అంతే, ఇంకేం లేదు.

ఒకసారి విసుగు పుట్టి, "బావా, కొత్తదేమన్నా నేర్పరాదూ" అన్నాను.

"ఇది వచ్చేసిందా?"

"పదేళ్లుగా చేస్తూనే ఉన్నాంగా."

"చేస్తున్నావులే. ఇందాక నలభయ్యో దెబ్బకి నీ మనసెక్కడుంది?"

నా మనసు నిజంగానే ఎవరింట్లోనో కాలిపోయిన ఫ్యూజు దగ్గరుంది. అది ఆయనకెలా తెలిసిందో అర్థం కాక ఒళ్లు మండిపోయింది.

కిందటి చలికాలంలో ఒక రోజు, కర్రకి కర్ర తగిలే చోటు మారింది. అన్నేళ్లుగా నా కర్ర ఆయన నుదుటికి జానెడు ఎత్తులో ఆగేది. ఆ రోజు బెత్తెడు ఎత్తులో ఆగింది. చలికి చేతులు బిగుసుకున్నాయేమో అనుకున్నాను. వారం తర్వాత మూడు వేళ్ల ఎత్తుకి వచ్చింది. ఆయన కుడిచెయ్యి లేవడం ఆలస్యమవుతోంది.

అప్పుడు నేనేం చేశానో చెబుతున్నాను, తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి. నా దెబ్బ వేగం తగ్గించాను. ఎక్కువ కాదు, రవ్వంత. కర్ర మళ్లీ జానెడు ఎత్తులోనే ఆగింది. ఎంత తెలివైనవాణ్ణో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. బావ మీద ప్రేమ అనుకున్నాను. వట్టి పిరికితనం. ఆయన ఆలస్యం పెరిగేకొద్దీ నేనూ నెమ్మదించాను. చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి చిన్నపిల్లల ఆటలో కొట్టినట్టు కొడుతున్నాను.

ఒక రోజు మా అక్క వంటింటి గుమ్మంలో నన్ను ఆపింది. "ఒరేయ్, మీ బావ చొక్కా గుండీలు నన్ను పెట్టమంటున్నారు. ఈ వయసులో మురిపెం ఏంటా అని నవ్వుకున్నా. నిన్న చూస్తే మంచినీళ్ల గ్లాసు రెండు చేతులతో ఎత్తుతున్నారు."

"ఏం లేదులే అక్కా, అలసటై ఉంటుంది" అన్నాను. అబద్ధం ఆడటానికి ఏ సాధనా అక్కర్లేదు, మొదటి రోజే వచ్చేస్తుంది.

కానీ నాకు పగలంతా మనసు మనసులో లేదు. మేడ మీద లేవని ఆ చెయ్యే కింద సెలూన్లో పొద్దుటినుంచి సాయంత్రం దాకా గొంతుల మీద కత్తి నడుపుతోంది. పని ఉన్నా లేకపోయినా ఆ వీధిలోంచి వెళ్లేవాణ్ణి. బయటికొచ్చే ప్రతి మొహాన్నీ, ప్రతి మెడనీ చూసేవాణ్ణి. లోపల కత్తిని తోలుపట్టీ మీద నూరే చప్పుడు ఆగితే నడుస్తున్నవాణ్ణి నిలబడిపోయేవాణ్ణి.

ఒక సాయంత్రం రిటైరైన లెక్కల మాస్టారు చెవి కింద పటిక రాసుకుని బయటికొచ్చారు. తెల్లటి పటికలోంచి చిన్న ఎర్రచుక్క ఊరుతోంది. "ముప్పై ఏళ్లకి మొదటి చుక్క నాకే దక్కిందోయ్" అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. లోపలికి తొంగి చూశాను. మా బావ కిటికీ వెలుతురులో కుడిచెయ్యి పైకెత్తి, వేరేవాళ్ల చెయ్యిని చూసినట్టు చూస్తున్నాడు.

మర్నాడు పదో దెబ్బకే ఆయన కర్ర దించేశాడు.

"నువ్వు నెమ్మదిగా కొడుతున్నావా?"

"ఎప్పుడూ కొట్టినట్టే కొడుతున్నా బావా."

"అయితే నా చెయ్యి బాగానే ఉందా?"

"నీ చేతికేం, బంగారంలా ఉంది."

ఆయన కర్రని గోడకి ఆనించాడు. "సరే, కిందికి రా. ఎనిమిదింటికి కుర్చీ నిండుతుంది. బాగుందని నువ్వన్నావు కాబట్టి, నీ మాట మీద అందరికీ గడ్డం గీస్తాను. ముందు నీది."

షట్టర్ సగం ఎత్తి నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. మెడ చుట్టూ తువ్వాలు కట్టాడు. బ్రష్షుతో నురగ పట్టించాడు. ఎడమ చెంప నున్నగా దిగింది. నాకు కొంచెం ఊపిరాడింది. అప్పుడు ఆయన నా గడ్డం పైకెత్తి గొంతు దగ్గరికి వచ్చాడు. కదలకూడదని పళ్లు బిగించుకున్నాను. అద్దంలో కత్తి మొన కనబడుతోంది. దాని కొసన ఉన్న నురగ వణుకుతోంది.

నా చెయ్యి లేచి ఆయన మణికట్టు పట్టేసుకుంది. లేపాలని నేననుకోలేదు. ఒట్టు. నా గుప్పిట్లో ఆ మణికట్టు సన్నగా, ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది.

"ఎన్నాళ్లయింది?" అన్నాడు అద్దంలోంచి.

"నాలుగు నెలలు బావా." ఏడుపొచ్చేసింది నాకు.

"ఈ నాలుగు నెలల్లో ఎన్ని గొంతుల మీద కత్తి పెట్టానో తెలుసా నీకు?"

రెండు తగిలించినా బాగుండేది. ఆయన కత్తి మడిచి, తువ్వాలు విప్పి, షట్టర్ దించేశాడు. కుడి చెంప మీద నురగతోనే ఇంటికి వెళ్లాను.

డాక్టరు నరాల జబ్బన్నాడు. మందులతో పోదట, కాస్త నెమ్మదిస్తుందట. మూడు నాలుగు నెలల ముందే రావాల్సింది అని కూడా అన్నాడు. మా అక్క నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు ఇంకా నా వీపున గుచ్చుకుంటూనే ఉంది. సెలూన్‌కి వచ్చినవాళ్లు దించిన షట్టర్ తట్టి చూసి మలుపు వైపు నడిచారు.

నాలుగో రోజు పొద్దున్నే మేడ మీదినుంచి పిలిచాడు. కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పూర్తి వేగంతో కొట్టు. నా చెయ్యి అందకపోతే నుదురు తగలకుండా ఆపడం నీ పని."

"నావల్ల కాదు బావా."

"చూస్తూ కొడితే అవుతుంది. ప్రతి దెబ్బా చూడు. వందయ్యాక ఎంత ఎత్తులో అడ్డుకున్నానో ఉన్నదున్నట్టు చెప్పు. అబద్ధం చెబితే మళ్లీ మేడెక్కకు."

అప్పట్నుంచి రోజూ కొడుతున్నాను. వందలో ఒక్క దెబ్బకి మనసు పక్కకి పోయినా ఆయన తల పగులుతుంది. పంతొమ్మిదేళ్లలో ఆయన నేర్పబోయి నేను నేర్చుకోనిది ఈ నెల రోజుల్లో నేర్చుకున్నాను. చెప్పడం మాత్రం అలవాటు కాలేదు. నిన్న రెండు వేళ్లు అన్నాను.

ఇవాళ వందో దెబ్బ అయ్యాక ఆయన చెమట తుడుచుకుంటూ, "ఎంత?" అన్నాడు.

"ఇవాళ నీ కర్ర అందలేదు బావా. అన్నీ నేనే ఆపాను."

ఆయన తలూపాడు. కాళ్లు సర్దుకుని, కర్ర రెండు చేతులతో పట్టుకుని, "మళ్లీ కొట్టు" అన్నాడు.