చూసినవారి పేర్లలో నా పేరు

నా స్నేహితుడు చనిపోయిన కబురు నేను చూశానని, చూసి కూడా శవం దగ్గరికి రాలేదని మా తెలుగువాళ్ల ఫోను గ్రూపులో పెట్టారు. నేను చూడలేదు. చూడని మనిషిని చూశాడని ఊళ్లో ఉన్న తెలుగిళ్లన్నిటికీ చాటారు. ఆ పని చేసిన పెద్దమనిషి ఇవాళ్టికీ తప్పు ఒప్పుకోలేదు.

పోయినాయన నాకు రక్తసంబంధీకుడు కాడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో నాకంటే ముందు చేరినవాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి, ఆయన భార్యను ఒదినా అని. మా ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి పనికోసం ఇక్కడికి వచ్చినవాళ్లే. నాకు బడి చదువు లేదు. డ్యూటీ దిగాక మా తెలుగు సంఘం రీడింగ్ రూములో కూర్చుని, పేపరు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. అన్న అది కూడా నేర్చుకోలేదు. "నువ్వు సదువు, నేను తప్పులు పడతాను" అనేవాడు. పేపర్లో మంత్రి మాట ఏదైనా నచ్చకపోతే మళ్లీ చదివించుకుని, మంత్రి దొరకడు కాబట్టి నన్ను తిట్టేవాడు. రిటైరయ్యాక కూడా మాకిది తప్పలేదు.

ఈమధ్య ఆయనకు ఊపిరి సరిగా ఆడటం లేదని తెలుసు. కోల్‌కతాలో కూతురింటికి తీసుకెళ్లి డాక్టరుకు చూపిస్తామన్నారు. అక్కడే ఉన్నాడనుకున్నాను.

గోల్‌బజార్‌లో చేపలు తూయించుకుంటుంటే మా వీధి ఆడమనిషి ఒకామె పక్కకొచ్చి నిలబడింది.

"ఏటి తాతా, సేపలు కొంటన్నావు? మీ అన్న దినం ఇంకా అవనేదు గదా."

"ఎవరి దినం?" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి, నేను నాటకమాడుతున్నానని అనుకుంది. "బాగుంది. సూసినోల్ల లిస్టులో నీ పేరే ముందుంది. ఎర్ర సున్నా కూడా సుట్టినారు" అని తన ఫోను తీసి చూపించింది.

గ్రూపులో మెసేజ్ పెట్టినవాడు దానిమీద వేలు నొక్కిపట్టి చూస్తే, ఎవరెవరు చదివారో పేర్లు వస్తాయట. మా సంఘం సెక్రటరీ ఆ పేర్లను ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. నా పేరు చుట్టూ ఎర్ర గీత. కింద ఇలా రాశాడు: "ఆఖరి చూపుకు రమ్మని కబురు పెట్టాం. వీరంతా చూశారు. చూసి కూడా రాని పెద్దల్ని ఏమనాలి?" దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, ఏడుపు బొమ్మలు, "సిగ్గుచేటు" అని ఒకరు, "కలికాలం" అని ఇంకొకరు. అందులో నా చేతుల మీద పెరిగినవాళ్లూ ఉన్నారు.

నాకు ముందు కోపం రాలేదు. అన్న లేడన్న సంగతి అక్కడే, ఆ చేపల కంపులో, పరాయి మనిషి ఫోనులో తెలిసింది. చేపలు అక్కడే వదిలేసి నడిచాను. ఎటు నడిచానో గుర్తులేదు.

వెనకటి రోజుల్లో ఎవరైనా పోతే ఒక మనిషి సైకిలు మీద బయలుదేరేవాడు. గడప దాటి లోపలికి రాడు. బయటే నిలబడి ఫలానావారు పోయారు అని, ఇంట్లోవాళ్లు "ఆఁ" అన్నాకే కదిలేవాడు. ఆ "ఆఁ" వినేదాకా చెప్పినట్టు లెక్క కాదు. ఇప్పుడు ఎవరూ రారు. గ్రూపులో పెట్టేశాం కదా అంటారు.

సెక్రటరీకి నామీద కక్ష ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ఆయనకు గోల్‌బజార్‌లో బట్టల కొట్టు ఉంది. కొంతకాలం కిందట మా రీడింగ్ రూమును కోచింగ్ సెంటరుకు అద్దెకిద్దామని గ్రూపులో పెట్టాడు. జనం చూశారు, మామూలుగా ఊరుకున్నారు. మర్నాడు పేర్లు ఫోటో తీసి పెట్టి, "చూసి అభ్యంతరం చెప్పనివారు అంగీకరించినట్టే" అన్నాడు. ఆ పేర్లలో ఆస్పత్రిలో ఉన్నవాళ్లున్నారు, ఫోను మనవడి చేతిలో ఉన్నవాళ్లున్నారు. మనుషుల మౌనాన్ని మూటగట్టి తన సంచిలో వేసుకున్నాడు. చూడటం వేరు, ఒప్పుకోవడం వేరని నేనొక్కణ్ణే రాశాను. అప్పటినుంచి నా పేరు ఆయన కంట్లో నలుసు.

ఎటు తిరిగినా ఆఖరికి ఒదిన దగ్గరికి వెళ్లాలి కదా. వెళ్లాను. కొడుకు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. వాడు నా ఒళ్లో ఆడినవాడు.

"అమ్మ పడుకుంది సిన్నాన్నా."

"మధ్యాహ్నం పూట మీ అమ్మ ఎప్పుడు పడుకుందిరా?"

"ఇప్పుడు పడుకుంటంది. నువ్వెల్లు. గ్రూపులో సూసినావు గదా, అక్కడే ఓ దండం బొమ్మెట్టు, సాల్తాది."

అంత మాటన్నాడు. లోపల ఒదిన దగ్గు వినిపించింది. ఆమె మేలుకునే ఉంది.

నా కూతురు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తుంది, ఆ గ్రూపులో లేదు. ఆమె ఇంటికొచ్చాక ఫోను చేతికిచ్చి, ఇది అబద్ధమెందుకు చెప్పిందో చూడమన్నాను. ఆమె ఏవేవో నొక్కి చూసింది.

"నాన్నా, నీ గ్రూపులు ఇంకో కంప్యూటర్లో కూడా తెరిచున్నాయి. అక్కడెవరో చదివేస్తన్నారు. అక్కడ చదివేస్తే నీ ఫోనులో కొత్తది వచ్చిన గుర్తు పోతాది. నువ్వు చూసినట్టే పడతాది."

"ఎక్కడి కంప్యూటరు?"

"నువ్వెక్కడైనా ఫోనిచ్చి ప్రింటు తీయించినావా?"

తీయించాను. రక్తపరీక్ష రిపోర్టు ఫోనులో వస్తే, రైల్వే ఆస్పత్రి డాక్టరు కాగితం మీద కావాలంటే, బజారులో జిరాక్స్ కొట్టుకి వెళ్లాను. కొట్టాయన నా ఫోనును తన కంప్యూటరుకు చూపించి రిపోర్టు తీసిచ్చాడు. ఫోనుకీ కంప్యూటరుకీ పడ్డ ఆ ముడి మళ్లీ విప్పలేదు. గ్రూపులో ఈమధ్య సందడి తగ్గిందని నేను సంతోషించాను కూడా.

మర్నాడు ఇద్దరం వెళ్లాం. కొట్టాయన నడివయసు బెంగాలీ. మూలనున్న కంప్యూటరులో మా గ్రూపు నిండుగా తెరిచి ఉంది. ఎవరి మనవరాలి అన్నప్రాశన ఫోటోనో మెరుస్తోంది.

"దాదా, ఇది నాది" అన్నాను.

"ఓ, కాకు, మీదా?" అన్నాడు బెంగాలీలో, నవ్వుతూ. కాకు అంటే వాళ్లలో బాబాయ్. "ఆమి తో తెలుగు పోర్తే పారీ నా." తెలుగు చదవడం రాదట. బేరం లేనప్పుడు తెరిచి ఫోటోలు చూస్తుంటాడట. మా పూజల అలంకారాలు బాగుంటాయట. తర్వాత నవ్వు ఆపి, మొన్న దండ వేసిన ఒక పెద్దాయన ఫోటో వచ్చిందని, మంచి ముఖమని, తను కూడా నమస్కారం పెట్టానని చెప్పాడు.

తిడదామనే వెళ్లాను. నా అన్న పోయిన కబురు నా పేరుతో ఒక పరాయి మనిషి చూశాడు. నేను పెట్టాల్సిన దండం ఆయన పెట్టాడు. నా ఇంటి గోడకు కన్నం పడిందని తెలిసినవాడిలా నిలబడిపోయాను. ఎన్నాళ్లనుంచి ఎవరెవరి మాటలు ఆ మూలన బజారుకు తెరిచి ఉన్నాయో. నా కూతురు అక్కడే ఆ ముడి విప్పేసింది.

ఇంటికొచ్చి జరిగిందంతా గ్రూపులో రాశాను. గుక్క తిప్పుకునేలోపు తీసేశారు. ఆ తర్వాత సెక్రటరీ తప్ప ఇంకెవరూ రాయడానికి లేకుండా గ్రూపుకు తాళం వేశారు. నేను బట్టల కొట్టుకే వెళ్లాను.

"రండి బాబాయ్ గారూ. టీ చెప్పనా?"

"నా మాట ఎందుకు తీసేసినావు?"

"గొడవలు వద్దని. కుటుంబం దుఃఖంలో ఉంది కదా."

"దుఃఖంలో ఉన్నప్పుడే నా పేరుకి సున్నా చుట్టినావు. చూసి రానివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకి లేదే?"

"మీరు పెద్దవారు. మీ పేరైతే మిగతావాళ్లకి భయం ఉంటుంది." చీర మడత పెడుతూ, చల్లగా అన్నాడు. "అయినా నాదేముంది? ఫోను చెప్పింది, నేను పెట్టాను."

"చదివింది బెంగాలీ దాదా. కావాలంటే రా, చూపిస్తాను."

"ఠీక్ హై బాబాయ్ గారూ. అలాగే అనుకుందాం. ఇప్పుడది మళ్లీ పెడితే జనం నన్ను నమ్ముతారా?"

ఈ ఒక్క మాట నిజం చెప్పాడు. మనల్ని చూసే కన్ను ఎక్కడో ఢిల్లీలోనో అమెరికాలోనో ఉంటుందని పేపర్లు రాస్తాయి. ఉంటే ఉండనీ. నన్ను చూసినవాడు మాత్రం మా బజారులో, నాకు టీ తెప్పించేంత దగ్గరలో ఉన్నాడు. ఆయన చేతిలో ఉన్నది పేర్ల వరస ఒక్కటే. దాంతో గది అద్దెకిచ్చాడు, దాంతోనే నా నోరు నొక్కాడు.

ఒదినకు చదువు రాదు. మళ్లీ వెళ్తే కొడుకు మళ్లీ నిలబడతాడు. ఆమె ఫోనుకే నా గొంతు రికార్డు చేసి పంపించాను. ప్రింటు తీయించిన సంగతి, బెంగాలీ ఆయన సంగతి, చేపల బజారు సంగతి, అన్నీ.

తర్వాత నేను చేసిన పని చెప్తే మీరు నవ్వుతారు. ఫోను ముందు పెట్టుకుని, ఆమె విన్నదా లేదా అని ఆ గుర్తు కేసి చూస్తూ కూర్చున్నాను. అన్నం దగ్గరా అదే, బాత్‌రూమ్ గుమ్మంలోనూ అదే. ఒక సాయంత్రం గుర్తు నీలంగా మారింది. విన్నది. జవాబు లేదు. విని కూడా ఊరుకుందని నాకు కడుపు మండింది. ఎర్ర పెన్సిలు చేతికిస్తే నేనూ సున్నా చుట్టేవాణ్ణే.

"నాన్నా, ఆ ఫోను అక్కడ పెట్టేయ్. ఆవిడ చేతిలో ఉందో ఎవరి చేతిలో ఉందో నీకేం తెలుసు" అని నా కూతురు కసిరింది.

కొన్ని రోజులకు జవాబొచ్చింది. నొక్కడానికి భయమేసి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని విన్నాను. ఒదిన గొంతు నెమ్మదిగా ఉంది:

"ఇన్నాను బాబూ. మనవరాలు రెండుసార్లు ఏసింది, రెండుసార్లూ ఇన్నాను. నువ్వు సూడనేదు, నమ్మినాను. నా కొడుక్కీ సెప్పినాను. ఆ బెంగాలీ ఆయనెవులో దండమెట్టినాడు, సల్లగుండాల. కానీ బాబూ, మీ అన్నని కలకత్తా నించి తెచ్చి ఇక్కడ రైల్వే ఆస్పత్రిలో ఏసినప్పుడు కూడా గ్రూపులో ఎట్టినారంట. అదీ నువ్వు సూసినట్టే ఉందంట. ఆయనకి మాట పడిపోనాది. తలుపు సప్పుడైతే సాలు, నువ్వొచ్చినావేటోనని అటే సూసినాడు. నాకైతే నువ్వు సెప్పినావు, నేను ఇన్నాను. ఆయనకెవులు సెప్తారు?"