ఇందిరమ్మ చేతిలో పెట్టని డిస్కు

గద్వాలలో కంప్యూటర్లు బాగుచేసే జహంగీర్‌కు ఒక పద్ధతి ఉండేది. ఏ డిస్కులోనైనా విండోస్ ఎక్కించే ముందు, ఫైళ్లున్న పాత డిస్కును ఊడదీసి తెచ్చినవాళ్ల చేతిలో పెట్టేవాడు. పని అయ్యేదాకా వాళ్లు దాన్ని పట్టుకొని కూర్చోవాలి. "నా చేతి కన్న నీ చెయ్యే భద్రం" అనేవాడు. అతను ఈ పనిని బడిలో నేర్చుకోలేదు. రేడియోలు విప్పుతూ మొదలుపెట్టి, పాడైన బోర్డుల మీద చెయ్యి కుదుర్చుకున్నాడు. ఇరవై ఏళ్లలో ఎవరి ఫైలూ పోగొట్టలేదు.

పోయిన ఎండాకాలం ఇందిరమ్మ ఆటోలో ఒక పాత కంప్యూటర్ తెచ్చింది. ఆమె భర్త బాలస్వామి చీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. తెర మీద గళ్లు ఒక్కొక్కటే నింపుతూ గీస్తే, దాని ప్రకారం వరుసకొక అట్టకు రంధ్రాలు కొట్టి మగ్గానికి ఎక్కిస్తారు. అతను గీసే ప్రోగ్రాం పాతకాలపు విండోస్ ఎక్స్‌పీలో తప్ప నడవదు. తయారుచేసినవాళ్లు దాన్ని ఎప్పుడో వదిలేశారు. బాలస్వామి దవాఖానకు తిరుగుతూనే చివరి అంచు ఒకటి పూర్తి చేశాడు. అట్టలు కొట్టించకముందే పోయాడు. నెల తిరక్కుండా కంప్యూటర్ బోర్డు కాలిపోయింది.

"గా ఒక్క అంచు చాలన్నా. మగ్గం ఉంది, నేనే నేస్త" అంది ఇందిరమ్మ. "ఆయన గీస్తుంటె నేను సూడనే లేదు. బువ్వ సల్లగైతుంది, గా డబ్బ బంద్ జెయ్యమని ఒర్లుకుంట తిరిగిన."

"డిస్కు మంచిగనే ఉంది చెల్లె. పరేషాన్ గాకు."

అలాంటి పాత బోర్డు ఎక్కడా దొరకలేదు. జహంగీర్ కొత్త బోర్డు వేసి, పాత డిస్కును అలాగే తగిలించి చూశాడు. నీలం తెర వచ్చి ఆగిపోయింది. సరే, కొట్లో ఉన్న మరో డిస్కులో ఎక్స్‌పీ ఎక్కిద్దామని దాన్నీ తగిలించి సీడీ పెట్టాడు. ఇన్‌స్టాలర్ డిస్కులేవీ లేవు పొమ్మంది. ఎక్స్‌పీ పుట్టిననాటికి ఈ బోర్డులు లేవు. వీటితో మాట్లాడటం దానికి తెలియదు. ఆ మాట నేర్పే డ్రైవర్‌ను సీడీలోకే చేర్చాలి. ఫైలు పెడితే చాలదు. ఇన్‌స్టాలర్ మొదట చదివే జాబితాలో దాని పేరూ, బోర్డు చిప్పు నంబరూ రాయాలి. ఒక్క అంకె తప్పినా మళ్లీ అదే మాట.

నాలుగు రోజుల్లో ఎనిమిది సీడీలు వృథా అయ్యాయి. పక్క కొట్టు దర్జీ మాసయ్య తొంగి చూశాడు.

"ఏం భాయ్, డబ్బకు తాయెత్తు గిట్ట కడుతున్నవా?"

"కడత. నీ మిషనుకు సుత కడత, జర సప్పుడు తగ్గుతది."

ఆ నాలుగు రోజులూ పాత డిస్కు తీగ ఊడదీయకుండా అలాగే ఉంది. ఎక్స్‌పీ రాగానే ఫైళ్లు ఇటు తెచ్చుకోవచ్చనుకున్నాడు జహంగీర్. ఇన్‌స్టాలర్‌కు కనిపించని డిస్కుకు ఏమవుతుందిలే అనుకున్నాడు.

అయిదో రోజు పొద్దున ఇందిరమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది. తొమ్మిదో సీడీ పెట్టాడు. తెర మీద డిస్కులు వచ్చాయి. రెండూ వచ్చాయి. రెండూ నూట అరవై జీబీవే. సంతోషంలో అతని వేళ్లు, తెర మీద ఒక్క డిస్కే ఉండే ఇరవై ఏళ్ల అలవాటు ప్రకారం మొదటి వరుస మీద ఆగి, చెరిపే మీటలు నొక్కేశాయి.

గంటకు ఎక్స్‌పీ వచ్చింది. "సూడు చెల్లె" అంటూ రెండో డిస్కు తెరిచాడు. పెళ్లి ఫొటోలు వచ్చాయి.

"గీ పెండ్లి ఎవల్దన్నా?"

అది ఎప్పుడో గట్టు ఊరి నుంచి వచ్చిన ఒకాయన కొట్లో వదిలేసిన డిస్కు. జహంగీర్ ముందు ప్లగ్గు పీకాడు. తర్వాత ఇందిరమ్మ వైపు తిరిగాడు.

"తప్పయింది చెల్లె. మీ డిస్కునే తుడిచిన. నీ చేతిల పెట్టాల్సింది, పెట్టలే."

ఇందిరమ్మ అరవలేదు. "ఏమన్న మిగులుతదా?" అని మాత్రం అడిగింది.

పదకొండు రోజులు వేరే పని ముట్టుకోకుండా వెతికాడు. పాత డిజైన్లు చాలా దొరికాయి. వాటికి అట్టలు ఎలాగూ ఇంట్లో ఉన్నాయి. చివరి అంచులో నాలుగు వందల వరుసలకు కింది తొంభై దొరికాయి. ప్రోగ్రాంలో తెరిస్తే రెండు కాళ్లు కనిపించాయి. సన్నటి గోళ్లతో, శ్రద్ధగా గీసిన పిట్ట కాళ్లు. పైన అంతా ఖాళీ గళ్లు.

"హంసనా? నెమలా?" అడిగాడు జహంగీర్.

"తెల్వదన్నా. నన్ను పిలిసిండు ఒకసారి, సూద్దువు రమ్మని. పొయ్యి మీద కూరుంది, వస్త అన్న."

"వేరే డిజైనరుతోని మిగిలింది గీపిస్త."

"వేరేటోల్ల పిట్ట నాకెందుకు?"

తొమ్మిదో సీడీ బాగా పనిచేస్తుంది. వడ్డేపల్లి నుంచి, కల్వకుర్తి నుంచి కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు వచ్చి కాపీలు అడిగి తీసుకుపోతారు. ప్రతి సీడీ మీద జహంగీర్ మార్కర్‌తో రాసి ఇస్తాడు: ముందు పాత డిస్కు ఊడదీసి మనిషి చేతిలో పెట్టు. తీసుకున్నవాళ్లు అది చాదస్తమనుకుంటారు.

ఇందిరమ్మ తొంభై అట్టలే కొట్టించింది. దసరాకు ముందు ఒక చీర నేసింది. ఎర్ర పట్టు అంచు పొడవునా జరీతో రెండేసి కాళ్లు. వాటి పైన సాదా పట్టు.