అత్తమ్మా, నిండిందా?

మాకు నల్లా నీళ్లు వదిలే ఆయన మునిసిపాలిటీలో అందరికంటే చిన్న ఉద్యోగి. అయినా 1978లో మా కొత్తవాడ గల్లీని నిజంగా పాలించింది ఆయనే. రోజూ ఆరింటికి పొడవాటి ఇనుప తాళంచెవితో నల్లా వాల్వు తిప్పి, గల్లీ కొసకు మెడ చాచి "అత్తమ్మా, నిండిందా?" అని కేకవేసేవాడు. ఆ కొస ఇల్లు ఆయన అత్తగారిది. ఆమె నిండిందనేదాకా వాల్వు మూసేవాడు కాదు. ఈలోగా మా బిందెలూ, జంపఖానాల నూలుకు రంగువేసే కాగులూ నిండేవి.

ఎండాకాలంలో ఆమె మామిడి తొక్కు పెట్టడానికి మరిపెడలోని చిన్నకూతురి ఇంటికి వెళ్లింది. మరునాటినుంచి నీళ్లు, నా డైరీ ప్రకారం, పన్నెండు నిమిషాలే. కాగులు నిండక నూలు మచ్చలు పడింది. షావుకారు ఆ జంపఖానాలను తిప్పిపంపాడు. మూడు అర్జీలు పెట్టాం. తనిఖీకొచ్చిన అధికారి పంపు శక్తి, పైపుల వయసు, సిబ్బంది కొరత అని మూడు కారణాలు రాసుకుని వెళ్లాడు.

పదో రోజు నేనే మరిపెడ బస్సెక్కాను.

"నువ్వు లేక మునిసిపాలిటీ నడుస్తలేదమ్మా. జర రా."

"తొక్కు కాకుండ ఎట్లొస్త బిడ్డా? కూసో, కాయలు కొయ్యి."

నూటపది కాయలు కోశాను. తొక్కు జాడీకెక్కాక ఆఖరి బస్సుకు ఇద్దరం తిరిగొచ్చాం.

మరునాడు ఆరింటికి గల్లీలో మళ్లీ ఆ కేక వినిపించింది. ఆమె నిండిన తన బిందె పక్కనే నిలబడి, సగమే నిండిన మా కాగులను చూసింది.

"ఏడ నిండింది అల్లుడా! అడుగన్న తడ్వలే."

ఆయన తాళంచెవి వదిలి, నింపాదిగా బీడీ వెలిగించుకున్నాడు.