పన్నెండో పేరు

ఆఫీసుల తెల్ల బోర్డు మీద రాసే మార్కర్ మూత తీస్తే వచ్చే ఘాటు వాసన తగిలితే చాలు, నాకు మా గోపన్‌పల్లి బడి గోడ మీది తడి జాజు వాసన యాదికొస్తది. ఒకటి మందు వాసన, ఇంకోటి తడిసిన ఎర్రమట్టి వాసన, ఏం పోలిక లేదు, కని రెండిటితోని నా పేరు రాసిన్రు. చెప్పకుండ ఆగలేకపోతున్న: మా ఇంట్ల డిగ్రీ పాసైన మొదటిదాన్ని నేను, హైటెక్ సిటీల ఉద్యోగమొచ్చి ఏడాది గూడ కాలే, పోయిన సోమవారం మా ఆఫీసు ఆడోళ్ల బాస్కెట్‌బాల్ టీంల పదకొండో పేరు నాది! లావణ్య! అమ్మకు ఫోన్ చేసి చెప్తే, "బాలాటకు గూడ జీతమిస్తరానే?" అన్నది.

మా బడెనక నీళ్ల ట్యాంకుకు ఒక గోడ ఉండె. ఏటా బతుకమ్మ ముంగట, తంగేడు ఇరగబూసి, ఖాజాగూడ గుట్టల మీద సీతాఫలాలు కండ్లు తెరిచే రోజులల్ల, ఆ గోడకు సున్నమేసి జాజుతోని టీం పేర్లు రాసేటోళ్లు. రాసేది సార్ కాదు. దిగిపోయే కెప్టెన్ అక్క, కొత్తగ వచ్చే పిల్లల పేర్లు తన చేతితోనే రాయాలె. పాత పేర్లు తుడుపొద్దు, సున్నం గూడ వాటి సుట్టు తిప్పి ఏయాలె, ఒక్క చుక్క పడ్డా తిట్లు తప్పకపోతుండె. రాసుడు అయినంక ఆడ్నే కూసొని, ఇంటికెంచి తెచ్చిన మలీద ముద్దలు, సత్తుపిండి ఎర్రటి చేతులతోనే తింటుంటిమి.

మగపోరలు క్రికెట్‌కు పోయిన్రు గాబట్టి ఉన్న ఒక్క రింగు ఆడపిల్లలకు మిగిలింది. దాన్ని పాత ఇనుప స్తంభానికి కట్టింది కల్లుకు తాళ్లెక్కే గౌడ్ తాత. మోకేసుకొని సర్రున ఎక్కి, సార్ గీసిన గీత దాటి ఇంకో మూరెడు పైన కట్టిండట. సార్ కిందికెంచి మొత్తుకుంటే, "అందరికి అందితే ఇగ ఆటేంది సారూ?" అన్నడట. మల్ల దాన్ని ఎవ్వరు దించలే. మొదటి బ్యాచ్ అక్కలు వేరే ఊరి బడికి ఆడనీకె పోతే, కొట్టిన ప్రతి బాలు బోర్డు మీదికెంచి అవతలి ముళ్లకంపల పడ్డదట. ఓడిపోయి గూడ తొవ్వంత నవ్వుకుంటనే వచ్చిన్రట.

ఆ మొదటి బ్యాచ్ లంగాలు దోపుకొని ఉత్తకాళ్లతోని ఆడింది, గోడ మీద వాళ్లవి ఏడు పేర్లు. వాళ్ల కింద సుజాతక్క బ్యాచ్, తొమ్మిది పేర్లు, రెండే జతల బూట్లు. బయటికొచ్చేటామె విడిస్తే లోపలికి పోయేటామె తొడుక్కోవాలె, ఆట కంటె నాడెలు కట్టుకునుడే ఎక్కువసేపు. సుజాతక్క తన వంతు బూట్లు చిన్నపిల్లలకిచ్చి, ఉత్తకాళ్లతోని దూరంకెంచి బాలిసిరితే, అది ఈత చెట్టంత ఎత్తు లేచి, ఆడ జరసేపు ఆలోచన చేసినట్టు ఆగి, రింగు అంచుకు తాకకుండ నడిమికెంచి దిగేది. నా పేరు రాసింది ఆమెనే. నేనప్పుడు ఆరో తరగతి. జాజు మోచేతి దాక కారుతున్నా తుడుసుకోలే. "ఇగ గోడెక్కినవ్ పో, దిగుడు ఉండదు" అన్నది. మా బ్యాచ్ వచ్చేటాళ్లకు పొలాలు అమ్ముడుపోయి ఒక్కొక్కరు ఒక్కో దిక్కు కిరాయి ఇండ్లకు పోయిన్రు. మావి నాలుగే పేర్లు. మా కింద ఇగ ఎవ్వరు లేరు.

ఇప్పటి మా ఆఫీసు టీంల ఎవరి బూట్లు వాళ్లకున్నయి, వీపు మీద నంబర్లున్నయి. కెప్టెన్ శ్రావణి గారిది వైజాగ్. మొదటి రోజు నేను బాలేస్తే మెడ పైకెత్తి, "లావణ్య గారూ, అది మళ్ళీ కిందికి వస్తుందంటారా?" అన్నది. అందరు నవ్విన్రు. కోర్టు సుట్టు ఉన్న ఇనుప జాలి అవతల తుడుపు కట్టె పట్టుకొని నిలబడ్డ ఒకామె గూడ నవ్వింది.

"ఏందే, ఇంక తాత రింగేనా?"

సుజాతక్క! మూడు నెలల సంది మా బిల్డింగులనే హౌస్‌కీపింగ్ చేస్తున్నదట. ఆమె తుడిచిన నేల మీద ఎన్నిసార్లు నడిచిపోయిన్నో నేను.

బోర్డు మీది టీం లిస్టుల పన్నెండో జాగ ఖాళీ ఉండె. భోజనాలప్పుడు అక్కను గుంజుకొచ్చిన. చెప్పులిడిసి ఐదు బాళ్లేసింది, ఐదూ పడ్డయి. "బాబోయ్, ఈవిడ్ని ఎక్కడ దాచారండీ?" అని శ్రావణి గారు అక్క చేతులు పట్టుకున్నది. అక్క సిగ్గుపడ్డది. పోయేటప్పుడు మెల్లగ నన్నడిగింది, "బూట్లిస్తరానే? మల్ల విడిచి ఇచ్చేటియి కాదు, నాకే?"

గంట గడవకముందే జవాబొచ్చింది. కంపెనీ ఉద్యోగులే ఆడాలెనట, అక్క కాంట్రాక్టర్ మనిషట. "నా చేతుల్లో లేదండీ" అన్నది శ్రావణి గారు. పై సార్లను నేనే అడిగిన, మెయిల్ మీద మెయిల్ పెట్టిన. మా ఇంట్ల ఎవ్వరికి రాని ఇంగ్లీషుల ఎంత మర్యాదగ రాసినా, రూల్ అని ఒక్క ముక్కనే వచ్చింది. ఇగ నాతోని ఏమైతది?

శుక్రవారం సాయంత్రం అందరు పోయినంక, ఎర్ర మార్కర్ తీసుకొని, బోర్డు మీద నా పేరు కింద "సుజాత" అని రాసిన.

శనివారం పొద్దున, ఆటకు గంట ముందు పోతే, బోర్డు ముంగట అక్కనే ఉన్నది, చేతిల తడి బట్టతోని.

"అక్కా, నువ్వే తుడిచినవా?"

"సూపర్‌వైజర్ చూసి తుడువుమన్నడు. బోర్డు తుడుసుడు నా డ్యూటీనే గదనే." బట్ట పిండుకుంట గడ్డంతోని బోర్డు దిక్కు చూపెట్టింది. "నీ పేరుకు తాకనియ్యలే, చూసుకో."

చూసిన. నా పేరు అక్షరాల సుట్టు, ఒక్క గీత చెదరకుండ, బట్ట తిప్పి తుడిచింది.

నేను పోయి ఆడిన, నా బూట్లు నేనేసుకొని. ఆ నీళ్ల ట్యాంకు గోడ ఇప్పుడు లేదు, ఆ జాగల అపార్టుమెంటు లిఫ్టులున్నయి, ఇరవై పేర్లున్న ఆ గోడను ఒక్కరం గూడ ఫోటో తియ్యలే. గందుకే పొద్దున బోర్డును ఫోటో తీసిన: పదకొండు పేర్లు, కింద జానెడు తడి. ఆట అయినంక వచ్చి చూస్తే బోర్డు మీద ఆ తడి గూడ ఆరిపోయింది.